మెటల్ అంటే ఆక్సిజన్ కూడానట

నాకో పిచ్చి అలవాటుంది. రాత్రి నిద్ర పట్టకపోతే ఫోన్ తీసి, నాకు అస్సలు సంబంధం లేని సబ్జెక్టులో ఏదో ఒక రీసెర్చ్ పేపర్ ఓపెన్ చేస్తా. అర్థమవుతుందని కాదు, సగం పైనే అర్థం కాదు, లెక్కల పేపరైతే రెండో లైనుకే చేతులెత్తేస్తా. కానీ ఒకరోజు మట్టి పలకలు, ఇంకోరోజు చేప చెవిలో ఎముక (చెట్టుకున్నట్టే దానికీ వలయాలుంటాయి, లెక్కపెట్టి చేప వయసు చెప్పేస్తారు), మర్నాడు నక్షత్రాలు, ఇలా తిరుగుతుంటే ఒకటి తెలిసొచ్చింది. వీళ్ళందర్నీ మనం "రీసెర్చ్ చేసేవాళ్ళు" అని ఒకే గాటన కట్టేస్తాం గానీ ఒకళ్ళు చేసే పని ఇంకొకళ్ళకి తెలీదు, ఆఖరికి ఒకళ్ళ మాట ఇంకొకళ్ళకి అర్థం కాదు.

మెటల్ అన్న మాటే తీసుకోండి. ఆస్ట్రానమీ వాళ్ళకి హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ మెటల్సే. ఆక్సిజన్ మెటల్, కార్బన్ మెటల్, నియాన్ కూడా మెటలే. స్కూల్లో ఆ ఆన్సర్ రాస్తే కెమిస్ట్రీ మాస్టారు పేపర్ మొహాన కొట్టేవారు. మార్ఫాలజీ అంటే భాషలు చదివేవాళ్ళకి పదం లోపలి కట్టుబడి, బయాలజీ వాళ్ళకి జీవి ఆకారం. రెండు డిపార్ట్‌మెంట్లు పక్కపక్క బిల్డింగుల్లో ఉండి కూడా ఒకే మాటని రెండు రకాలుగా వాడుకుంటూ బతికేస్తుంటాయి.

మాటల సంగతి అలా ఉంచండి, "ఇది నిజం" అని ఎప్పుడు ఒప్పుకోవాలి అన్నదాంట్లోనే ఎవరి లెక్క వాళ్ళది. పార్టికల్ ఫిజిక్స్ వాళ్ళు కొత్తది కనిపెట్టామని చెప్పాలంటే ఫైవ్ సిగ్మా ఉండాలి, అంటే అక్కడ నిజంగా ఏమీ లేకపోయినా ఊరికే కాకతాళీయంగా అంత పెద్ద సిగ్నల్ కనబడే అవకాశం 35 లక్షల్లో ఒకటి అన్నమాట. సైకాలజీలో చాలాకాలంగా 20లో ఒకటి ఉంటే చాలు, పబ్లిష్ చేసేస్తారు. హిస్టరీ వాళ్ళకి ఒక్కోసారి ఒక్క ఉత్తరం దొరికితే పండగే, దానికి సిగ్మా ఏం కడతారు? పేర్లు వేసుకోవడంలో కూడా ఇంతే. లెక్కల పేపర్లో ఇద్దరో ముగ్గురో, అదీ మామూలుగా అక్షరక్రమంలో. హిగ్స్ బోసాన్ అనే అతి చిన్న కణం బరువు మీద 2015లో రెండు టీములు కలిసి వేసిన పేపర్లో మాత్రం 5,154 మంది పేర్లున్నాయి, మొత్తం 33 పేజీలైతే అందులో 24 పేజీలు పేర్లూ, వాళ్ళ సంస్థల వివరాలే. పెళ్ళి శుభలేఖలో బంధుమిత్రుల లిస్టు కూడా ఇంత పొడుగుండదు.

దీనికి పూర్తిగా ఆ చివర ఉంటుంది ఆలిస్ కోబర్ కథ. నాకు బాగా ఇష్టమైంది కూడా ఇదే, కాబట్టి కొంచెం సాగదీస్తా, ఓపిక పట్టండి.

గ్రీసు దేశంలో క్రీట్ దీవిలో దొరికిన మట్టి పలకల మీద లీనియర్ బి అనే లిపి ఉంది. ఏ భాషో తెలీదు, ఏ గుర్తుకి ఏ శబ్దమో తెలీదు. కోబర్ న్యూయార్క్‌లో బ్రూక్లిన్ కాలేజీలో లాటిన్, గ్రీకు పాఠాలు చెప్పుకునే ఆవిడ. పగలు క్లాసులు, రాత్రిళ్ళు ఈ గుర్తులు. యుద్ధం రోజులు కదా, కాగితం దొరకదు, అందుకని పాత గ్రీటింగ్ కార్డులూ, చర్చి కరపత్రాలూ ఏది దొరికితే అది చిన్న చిన్న చీటీలుగా కత్తిరించి, ఏ గుర్తు ఏ గుర్తు పక్కన ఎన్నిసార్లొచ్చిందో రాసి, ఖాళీ సిగరెట్ డబ్బాల్లో వరసగా పెట్టుకుంది. మొత్తం దాదాపు 1,80,000 చీటీలు. కంప్యూటర్ లేదు, టీమ్ లేదు, ఒక్కత్తే.

ఆవిడ కనిపెట్టింది మనకి ఇంగ్లీషు వాళ్ళకన్నా తొందరగా అర్థమవుతుందని నా గట్టి నమ్మకం, ఎందుకంటే మనకి గుణింతం ఉంది. ఊరు, ఊరి అని రెండు మాటలు చూడండి. రు, రి రెండూ ర గుణింతమే అని మన లిపి మొహమ్మీదే చెప్పేస్తుంది. అదే రు అంటే ఒక చెట్టు బొమ్మ, రి అంటే ఒక కుర్చీ బొమ్మ అనుకోండి, రెండింటికీ పోలికే లేదు, అప్పుడెలా తెలుస్తుంది? అదిగో లీనియర్ బి గుర్తులు అలాంటివి. కోబర్ చూసిందేంటంటే, కొన్ని మాటలు మొదట్లో ఒకేలా ఉండి చివర్లో మాత్రం మారుతున్నాయి, మన విభక్తి మారినట్టు. అంటే ఆ మారే చోట ఉన్న రెండు గుర్తుల్లో హల్లు ఒకటే అయ్యుండాలి, అచ్చు మారి ఉండాలి. శబ్దం ఏంటో తెలీకుండానే "ఈ రెండూ ఒకే గుణింతం" అని చెప్పేసింది! నాకైతే మొదటిసారి చదివినప్పుడు లేచి కూర్చోవాలనిపించింది.

1950లో 43 ఏళ్ళకే పోయిందావిడ. రెండేళ్ళకి, అంటే 1952లో, మైకేల్ వెంట్రిస్ ఆ పద్ధతినే ముందుకు తీసుకెళ్ళి అది పాత గ్రీకు అని తేల్చేశాడు, ఆయన వృత్తి ఆర్కిటెక్ట్. పేరంతా ఆయనకే వచ్చింది. సరే ఇంతా చేసి పలకల్లో ఏముందయ్యా అంటే, గొర్రెలెన్ని, ఉన్ని ఎంత, ధాన్యం ఎంత. కావ్యాలూ లేవు, దేవుళ్ళ కథలూ లేవు, గుమాస్తా పద్దులు.

ఎవరో గుమాస్తా ఏనాడో రాసి పడేసిన పద్దు ఇంకెక్కడో ఇంకెవరికో సాక్ష్యం అవ్వడం అన్నది ఈ తిరుగుళ్ళలో నాకు పదే పదే తగులుతూనే ఉంటుంది. ఇప్పటి ఇరాక్‌లో ఉన్న పాత నగరం బాబిలోన్‌లో ఆకాశం చూసి రాసే ఉద్యోగులుండేవారు. క్రీ.పూ. 136 ఏప్రిల్ 15న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందని, పగలే శుక్రుడూ బుధుడూ కనిపించారని మట్టి మీద రాసిపెట్టారు. ఇప్పుడు మనం ఇవాళ్టి స్పీడుతోనే భూమి ఎప్పుడూ తిరిగిందనుకుని లెక్క వెనక్కి కట్టుకుంటూ పోతే ఆ నీడ బాబిలోన్ మీద పడదు, పడమరగా దాదాపు 49 డిగ్రీలు అవతల పడుతుంది. కానీ వాళ్ళు కళ్ళారా చూసి రాశారాయె. అంటే తప్పు వాళ్ళది కాదు, మన లెక్కది. చంద్రుడు సముద్రాల్ని లాగుతూ లాగుతూ భూమికి బ్రేకులేస్తున్నాడు, రోజు పొడుగు వందేళ్ళకి రెండు మిల్లీసెకన్ల లోపే పెరుగుతుంది, ఇదీ ఒక లెక్కేనా అనిపిస్తుంది గానీ అది రోజురోజుకీ పోగుపడి రెండు వేల ఏళ్ళ పైచిలుకుకి మూడు గంటల తేడా అయ్యి కూర్చుంది. ఆ పలక చదవడానికి క్యూనిఫామ్ (మట్టి మీద నొక్కి రాసే ఆ పాత లిపి) వచ్చినవాళ్ళు కావాలి, లెక్కకి ఆస్ట్రానమీ వాళ్ళు, భూమి సంగతికి జియోఫిజిక్స్ వాళ్ళు. రాసినవాళ్ళకి ఇవేవీ తెలీవు, వాళ్ళకి కావాల్సింది రాజుగారికి కీడా మేలా.

అటునుంచి ఇటు కూడా జరిగింది. ఎ.ఇ. డగ్లస్ అని ఒక ఆస్ట్రానమర్, సూర్యుడి మీద మచ్చల పదకొండేళ్ళ చక్రం చెట్ల వలయాల్లో కనబడుతుందేమో అని మొద్దులు పట్టుకు తిరిగాడు. ఆయన వెతికింది సరిగ్గా తేలలేదు గానీ, 1929లో అరిజోనాలో దొరికిన ఒక కాలిన దూలంతో వలయాల వరస గొలుసులా కలిసిపోయి, అమెరికా నైరుతిలో పాత ప్యూబ్లో (అక్కడి ఆదివాసుల ఊళ్ళు) శిథిలాలు ఏ సంవత్సరంలో కట్టారో చెప్పేయగలిగారు. సూర్యుడి కోసం వెళ్తే ఇళ్ళు దొరికాయి.

ఇక్కడికొచ్చేసరికి ఎవరో ఒకరు అడుగుతారు, దీనివల్ల ఉపయోగం ఏంటి అని. తప్పు ప్రశ్నేం కాదు, ఖర్చయ్యేది జనం డబ్బే కదా. నాకు నచ్చనిది ప్రశ్న కాదు, దానికి అందరూ చెప్పే జవాబు. ఎల్లోస్టోన్ వేడినీటి ఊటల్లో ఎవరో బ్యాక్టీరియా వెతికారు, దాంట్లోని ఎంజైమ్ వల్లే పీసీఆర్ టెస్టు ఇంత సులువైంది, చూశారా అంటారు. నిజమే, అది జరిగింది. కానీ లాటరీ తగిలినవాణ్ణి చూపించి అందర్నీ టికెట్లు కొనమన్నట్టు ఉంటుంది ఆ వాదన. తగలనివాటి సంగతేంటి మరి? కోబర్ చీటీలతో ఏ జబ్బూ నయం కాలేదు. అయినా ఆ పని చెయ్యకుండా ఉండాల్సింది అని నా నోటితో నేను అనలేను, ఎందుకనలేనో వాదించి గెలవడం కూడా నాకు రాదు.

కొన్ని ప్రయోగాలైతే ఉపయోగం సంగతి తర్వాత, చేసినవాళ్ళు బతికుండగా పూర్తే కావు. విలియం బీల్ అనే బోటనీ ప్రొఫెసర్ 1879లో మిషిగన్‌లో 20 సీసాల్లో తడి ఇసుకా గింజలూ కలిపి, ఒక్కో సీసాలో 21 రకాలు, రకానికి 50 చొప్పున, మూతులు కిందికి వాల్చి పాతిపెట్టాడు, గింజ ఎన్నేళ్ళు బతుకుతుందో చూద్దామని. మొదట్లో ఐదేళ్ళకోటి తీసేవాళ్ళు, తర్వాత పదేళ్ళకి, ఇప్పుడు ఇరవై ఏళ్ళకి. వెలుతురు తగిలితే గింజ లేచిపోతుందని దొంగల్లాగా చీకట్లో వెళ్ళి తవ్వుతారు. 2021లో తీసిన పదహారో సీసాలో గింజలు కొన్ని మొలకెత్తాయి కూడా. ఆఖరి సీసా 2100లో. ఆ తవ్వేవాళ్ళు ఇంకా పుట్టి ఉండరు.

ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ యూనివర్సిటీలో తారుబొట్టు ప్రయోగం ఇంకా అన్యాయం. సుత్తితో కొడితే గాజులా పగిలే తారు నిజానికి ద్రవమే అని చూపించడానికి 1927లో థామస్ పార్నెల్ దాన్ని కాచి గరాటులో పోసి, మూడేళ్ళు ఆరనిచ్చి, 1930లో కింద కాడ కోశాడు. అప్పట్నుంచి 2014 వరకు పడింది తొమ్మిది బొట్లు. జాన్ మెయిన్‌స్టోన్ అనే ఆయన 1961 నుంచి 52 ఏళ్ళు దానికి కాపలా ఉన్నాడు. 1988లో ఏదో తాగడానికని కొన్ని నిమిషాలు పక్కకెళ్తే అప్పుడే పడింది. 2000లో కెమెరా పెట్టారు, సరిగ్గా ఆ టైముకి అది పనిచెయ్యలేదు. 2013 ఆగస్టులో ఆయన పోయారు, తొమ్మిదో బొట్టు మరుసటి ఏప్రిల్‌లో వచ్చింది, అదీ తనంతట తను పడలేదు, కింద బీకర్ మారుస్తుంటే కదిలి తెగింది!

పదో బొట్టుకి లైవ్ కెమెరా ఉంది. నా లాప్‌టాప్‌లో ఒక ట్యాబ్ దానికే వదిలేశా. చూసినప్పుడల్లా అలాగే వేలాడుతూ ఉంటుంది, నేనేమో నీళ్ళు తాగడానికి లేవాలన్నా ఒకసారి ఆలోచిస్తున్నా.