అంకోర్‌లో పూటకో బొమ్మ

విదేశాలకు వెళ్ళినప్పుడు చూసిన చోట కూర్చుని బొమ్మ వేసుకునే అలవాటు ఈసారి కంబోడియాలో కాస్త గాడిన పడింది. ఇంతకుముందు నాకు బొమ్మంటే కట్టడం మొత్తాన్ని పేజీలో ఇరికించడమే. అక్కడి పెద్ద గుడి అంకోర్ వాట్ అలా ఇరకదు, చుట్టూ ఉన్న కందకమే దాదాపు 190 మీటర్ల వెడల్పు. అందుకని పూటకి ఒక్క చోటు, అందులోనూ ఒక్క ముక్క అని పెట్టుకున్నాను. మిగతావి చూడలేకపోయినా పర్లేదనుకున్నాను.

ముందు అంకోర్ గుళ్ళు చూడటానికి కొనాల్సిన పాస్ సంగతి. ఒక రోజుకి 37 డాలర్లు, 3 రోజులకి 62, 7 రోజులకి 72. మూడు రోజుల పాస్‌ని వరసగా వాడక్కర్లేదు, 10 రోజుల్లో ఏ మూడు రోజులైనా వెళ్ళొచ్చు. బొమ్మలు వేసేవాళ్ళకి నా ఓటు దీనికే. ఉక్కలో పూటంతా కూర్చుంటే మర్నాడు మళ్ళీ పెన్సిల్ పట్టబుద్ధి కాదు. ఆ ఖాళీ రోజు పక్కనున్న సియెం రీప్ ఊళ్ళో గదిలోనే ఉండి రంగులు పూర్తిచేసుకోవచ్చు.

వెలుతురు లెక్క అన్నిటికన్నా ముఖ్యం. అంకోర్ వాట్ పడమటి ముఖంగా ఉంటుంది. అంటే తెల్లవారుజామున అందరూ కొలను ఒడ్డున ఫోన్లు పైకెత్తి నిలబడే ఆ సూర్యోదయం గుడి వెనకనుంచి వస్తుంది. ఫోటోకి బాగానే ఉంటుంది కానీ బొమ్మకి దండగ, శిఖరాల అంచులు తప్ప ఏమీ కనిపించవు. ఒకసారి చూస్తే చాలు. జనం అటు ఉన్నప్పుడే తూర్పు గ్యాలరీకి వెళ్ళిపోవడం మేలు. పొద్దుటి వెలుగు అటే పడుతుంది, సముద్ర మథనం చెక్కింది కూడా అక్కడే.

ఆ ఒక్క గోడ దగ్గరే ఎక్కువ పేజీలు ఖర్చయ్యాయి. సుమారు 49 మీటర్ల పొడవు. మధ్యలో విష్ణువు, కింద కూర్మం, పైన అప్సరసలు, రెండు వైపులా వాసుకిని పట్టుకుని వరసగా దేవతలు, అసురులు. తెలిసిన కథ కావడంతో మొదట్లో అదే అడ్డమైంది. గుర్తుపట్టగానే కన్ను ముందుకెళ్ళిపోతుంది. పెన్సిల్ పట్టుకున్నాకే అసురులకి గుడ్లు బయటికి పొడుచుకొచ్చినట్టుంటాయని, దేవతల కళ్ళు కోలగా ఉంటాయని, కిరీటాలు కూడా వేరని కనబడింది. గైడ్ల వెంట వచ్చే గుంపులు ఇక్కడ కాసేపే ఆగుతాయి, వాళ్ళు కదిలేదాకా పక్కకి జరిగితే సరిపోతుంది.

వేసే పద్ధతి కూడా ఇక్కడే మారింది. ఇదివరకు ముఖంతో మొదలుపెట్టేదాన్ని, కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి పేజీ అయిపోయేది. ఇప్పుడు ముందు పాము శరీరం ఒక్క గీత, తర్వాత లాగుతున్న ఒళ్ళ వాలు చిన్న చిన్న ఏటవాలు గీతలుగా, చివర్లో ఒకే ఒక్క ముఖం వివరంగా. మిగతావాళ్ళకి కళ్ళూ ముక్కూ అక్కర్లేదు, లాగుడు కనిపిస్తే చాలు.

సాయంత్రాలు పడమటి గ్యాలరీ. దక్షిణం వైపు సగంలో కురుక్షేత్రం, ఉత్తరం వైపు లంకా యుద్ధం. రెండు చివర్లనుంచి సైన్యాలు బారులు తీరి నడిచొస్తాయి, మధ్యకి వచ్చేసరికి ఎవరి చెయ్యి ఎవరిదో తెలియని గందరగోళం. ఆ మధ్య భాగం వేయడం ఇంకా నావల్ల కావట్లేదు. అంపశయ్య మీది భీష్ముడు, హనుమంతుడి భుజాల మీద నిలబడిన రాముడు మాత్రం పర్వాలేదనిపించేలా వచ్చారు.

సరంజామా తగ్గించేశాను. ఏ5 సైజు మందపాటి కాగితం పుస్తకం, 2బీ పెన్సిల్, నీళ్ళకి చెదరని నల్ల పెన్ను, లోపల నీళ్ళు నింపుకునే బ్రష్, ఒక్క బ్రౌన్ రంగు. గాలిలో తేమ వల్ల రంగు ఆరడానికి చాలాసేపు పడుతుంది, కాబట్టి రెండో పూత గదికొచ్చాకే. అరచేతి కింద రుమాలు వేసుకోకపోతే చెమటకి పేజీ ఉబ్బిపోతుంది. చెక్కడాలని ఆనుకోకూడదు, తాకకూడదు. జనం చేతులు తగిలి చాలాచోట్ల రాయి నల్లగా నిగనిగలాడుతోంది, చూస్తే బాధేస్తుంది. మోకాళ్ళు, భుజాలు కప్పే బట్టలు ఉండాలి, లేకపోతే అంకోర్ వాట్ పై అంతస్తుకి ఎక్కనివ్వరు. పైన బొమ్మకి కూర్చునే తీరిక మాత్రం ఆశించకండి.

బంతెయ్ శ్రీకి టుక్‌టుక్‌లో వెళ్ళొచ్చాను, అదే పాస్ పనిచేస్తుంది. 967లో ప్రతిష్ఠ జరిగిన చిన్న గుడి, ఎర్రరాయి, నగల మీది పనంత సన్నటి చెక్కడం. నా పెన్ను దానికి మరీ లావు.

బయోన్ గుడి గోపురాల మీది పెద్ద రాతి ముఖాలు ఇప్పటికీ సరిగ్గా కుదరలేదు గానీ ఒక కిటుకు దొరికింది. ఆ ముఖాలు ఒకే రాయి కావు, దిమ్మెల మీద దిమ్మెలు పేర్చి చెక్కినవి. ముందు ఆ అతుకుల గీతలు వేసుకుంటే గళ్ళ కాగితంలా పనికొస్తాయి, పెదవి ఏ వరసలో మొదలవుతుందో, కన్ను ఎక్కడ ఆగుతుందో దానంతటదే తెలుస్తుంది. ముక్కు కింద నీడ ఇంకా తేలట్లేదు, మధ్యాహ్నం వెలుతురు చదునుగా పడటం వల్లనేమో. ఈసారి పొద్దున గేటు తెరిచే వేళకే అక్కడుండాలి. అడ్డంగా తెరుచుకునే పొడవాటి పుస్తకం కూడా ఒకటి కొనాలి, వాసుకి మధ్యలో తెగకుండా పడతాడు.