ఫ్రిజ్ లేకుండా ఎన్నాళ్ళుంటాది

మాది పర్లాకిమిడి. ఒడిశా గజపతి జిల్లా, కానీ బజార్లో ఎక్కడ చూసినా తెలుగు వినిపిస్తది, పక్కనే పాతపట్నం, అది శ్రీకాకుళం జిల్లా. నాన్నకి ఊళ్ళో మెడికల్ షాపు. నేను న్యూజెర్సీలో ఒక ఫార్మా కంపెనీలో లిపిడ్ నానోపార్టికల్స్, అంటే మందుని లోపల పెట్టుకుని మోసే అతి చిన్న కొవ్వు ఉండలు, వాటి మీద పనిచేస్తున్నా, ఇక్కడికొచ్చి ఆరేళ్ళయింది.

పోయినేడాది గ్రీన్ కార్డ్ ఫైల్ పెట్టాం. లాయర్ పదేపదే అడిగింది ఒకటే, ఇంపాక్ట్ ఏంటి అని. ఎన్ని పేపర్లు, వేరేవాళ్ళు తమ పేపర్లలో వాటిని ఎన్నిసార్లు ప్రస్తావించారు (సైటేషన్లు), ఏ ఏ దేశాలవాళ్ళు, ప్రొఫెసర్ల ఉత్తరాలు, అన్నీ కలిపి ప్రింట్ తీస్తే రెండు అంగుళాల మందం వచ్చింది. నిజంగా సంతోషమేసింది, రాత్రుళ్ళు కూర్చుని చేసిన పని కదా. ఆదివారం పొద్దున వీడియో కాల్‌లో నాన్నకి చూపించా, అక్కడ సాయంత్రం, షాపు తెరిచే టైము. అంతా విని "బాగుందమ్మా. మరి నువ్వు చేసే మందు ఫ్రిజ్ లేకుండా ఎన్నాళ్ళుంటాది?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. మా శాంపిల్స్ మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్లో ఉంటాయి.

ఆయన ఆ మాట ఎందుకడిగారో నాకు తెలుసు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు నేను దసరా సెలవులకి ఇంట్లోనే ఉన్నా. కరెంటు రోజుల తరబడి లేదు. నాన్న ఇన్సులిన్ సీసాలన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి గిన్నెలో పెట్టి, ఆ గిన్నెని తడి ఇసక పోసిన కొత్త కుండలో దించి, పైన తడిగుడ్డ కప్పి, గంటగంటకీ చెయ్యి పెట్టి చూసేవారు. చల్లగుందో లేదో చేతికి తెలుస్తది గానీ మందు బతికుందో లేదో ఎలా తెలుస్తది. నాలుగో రోజు కొండమీంచి ఒక సవర తెగ ఆమె తన కొడుక్కి ఇన్సులిన్ కోసం నడిచొచ్చింది. నాన్నకి షాపుకి పనికొచ్చేంత సవర వచ్చు, ఆ కుండ చూపించి ఇంటి దగ్గర ఇలగే పెట్టుకోమని ఆ భాషలోనే చెప్పారు. (గిడుగు రామమూర్తి గారు మా ఊళ్ళోనే మాస్టారుగా ఉండి సవర నేర్చుకున్నారు, మాకు అదో గర్వం.)

ఇక్కడ నా పని ఏంటంటే, ఒకవైపు నుంచి ఆల్కహాల్‌లో కరిగిన లిపిడ్లు, ఇంకోవైపు నుంచి కాస్త పుల్లటి నీళ్ళలో ఆర్‌ఎన్‌ఏ (అదే అసలు మందు), రెండూ సన్నటి కాలవలో కలిసిన క్షణంలోనే ఉండలు కట్టేస్తాయి. ఒక్కో ఉండ 80 నానోమీటర్లు, అంటే వెంట్రుక మందంలో సుమారు వెయ్యో వంతు. బాగా వచ్చిన బ్యాచ్ పల్చటి బియ్యం కడుగులా ఉండి లైట్‌కి పెడితే కొద్దిగా నీలంగా కనిపిస్తది, ఎన్నిసార్లు చూసినా నాకు ఇష్టం. అదే పంచదార వెయ్యకుండా గడ్డకట్టించి కరిగిస్తే విరిగిన పాలలా పలుకులు తేలతాయి. పంచదార ఉంటే ఐస్ కట్టేటప్పుడు ఉండలు ఒకదానికొకటి అతుక్కోవు. 2020 డిసెంబర్‌లో వచ్చిన ఫైజర్ కోవిడ్ వ్యాక్సిన్‌లో కూడా సుక్రోజ్, అంటే పంచదారే, ఉంది, అయినా మైనస్ 70 ఫ్రీజర్లు కావల్సొచ్చాయి. ఎందుకంటే తడి ఉన్నంతసేపూ ఆర్‌ఎన్‌ఏ తెగిపోతూనే ఉంటది. అందుకే నీళ్ళు మొత్తం లాగేసి పొడి చెయ్యాలి, ఫ్రీజ్ డ్రయింగ్.

నాన్న అడిగాక నేను మేనేజర్‌ని అడిగి అలా పొడి చేసిన పన్నెండు సీసాలు 40 డిగ్రీలు, 75 శాతం తేమ ఉండే చాంబర్‌లో పెట్టా. ప్లాన్‌లో లేదు, ఈ పొడి మందు ఫ్రిజ్‌కే కదా అన్నారు మేనేజర్ మొదట. రెండుసార్లు అడగాల్సొచ్చింది. ఆ వేడి, ఆ ఉక్క మాకు మే నెల, అంతే.

మా ఆఫీసు నుంచి న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ఊరు దూరమేం కాదు. మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు పనిచేసిన లెడర్లే మందుల కంపెనీ అక్కడే ఉండేది. అక్కడ ఆయన టీం తెచ్చిన హెట్రజాన్, అదే డీఈసీ, బోదకాలుకి ఇచ్చే మాత్ర. ఆయన 1948లో పోయారు, ఆ మాత్ర మాత్రం ఇప్పటికీ మన దేశంలో చాలాచోట్ల వీధివీధికీ తిరిగి పంచుతున్నారు, సంచీలో వేసుకుని, ఐస్ బాక్స్ కూడా అక్కర్లేకుండా. ఆ దారిలో వెళ్ళినప్పుడల్లా నాకు ఆ సంచీయే గుర్తొస్తది.

మొన్న మూడు నెలలయింది, సీసాలు తీశా. పదింటిలో తెల్లటి దూదిబిళ్ళలా నిలబడి ఉంది, నీళ్ళు పోస్తే ఉండ సైజు 80 నానోమీటర్లు కాస్తా 97 అయింది, చెడ్డది కాదు. రెండింటిలో మాత్రం బిళ్ళ కుంగిపోయి అడుగున జిగురులా అంటుకుంది, తేమ లోపలికెళ్ళింది. ఆదివారం నాన్నకి చెప్పా. షాపు ఫ్రిజ్ వైపు ఒకసారి చూసి, "ఆ రెండూ తలుపు దగ్గర పెట్టినవా?" అనడిగారు.

ఏ సీసా ఏ అరలో పెట్టానో నేను రాసుకోలేదు. కొత్తగా ఇరవై నాలుగు పెడుతున్నా, ఈసారి ఒక్కోదానికీ చోటు రాసి.