పరుగెత్తుతుంటే పడదు

"ఏకచక్రో రథో యస్య దివ్యః కనకభూషితః" అని రథసప్తమి పొద్దున నోరు అలవాటుగా అనేస్తుంది. ఒంటి చక్రం రథం ఎలా నిలబడుతుందని చిన్నప్పుడు అమ్మమ్మను అడిగితే, "పరుగెత్తుతుంటే పడదురా" అంది. ఆ మాట ఇన్నేళ్లుగా నాలో నానుతూనే ఉంది.

రథం ముందుకే పోతుంది. చక్రం మాత్రం ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతుంది. సూర్యుడిచ్చే వేడిమి రథం లాంటిది, పోతే వెనక్కి రాదు. మట్టిలోని సారం చక్రం. గడ్డి ఎండను పట్టి దాచుకుంటుంది, ఆవు ఆ గడ్డి మేస్తుంది. మేసినదాంట్లో ఒంటికి పట్టే శక్తి, ఇంటర్ బోటనీలో చదువుకున్న లెక్కన, సుమారు 10 శాతం. మిగతాది ఒంటి వేడిగా పోయేది పోగా, కొంత పేడలో ఉండిపోతుంది. ఆ పేడే ధనుర్మాసంలో గొబ్బెమ్మ, ఎండాక పిడక. సప్తమి నాడు తులసికోట ముందు ఆ పిడకల మీద పాలు పొంగించామంటే, గడ్డి దాచిన ఎండనే మంట చేసి స్వామి ఎదుట పెట్టామన్నమాట. ఆ వేడి ఇక ఎవరికీ దొరకదు, ఆకాశంలో కలిసిపోతుంది. 'నమస్కారప్రియో భానుః' అన్నది అందుకేననిపిస్తుంది నాకు. ఆయనకు తిరిగిచ్చే దారే లేదు. చేతులు జోడించడం తప్ప ఏం చేయగలం?

భూమి బాకీ అలా కాదు. అది తీర్చగలిగిన బాకీ. పిడకలు కాలాక మిగిలే బూడిదలో పొటాష్, సున్నం ఉంటాయి. అమ్మమ్మ అష్టమి పొద్దున్నే చల్లారిన బూడిదను చేటలోకెత్తి చిక్కుడు పాదులో చల్లేది, పేనుబంక పట్టిన తీగల మీద కాస్త దులిపేది. పిడకలోని నత్రజని చాలావరకు పొగతో గాలిలోకి పోతుంది. పోయిందని వదిలేస్తుందా చిక్కుడు? దాని వేళ్ల బుడిపెల్లో కాపురముండే సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి తీగకు అందిస్తాయి. తీగ ఎండి రాలితే అది మట్టిదే. పెద్దలకు నత్రజని సంగతి తెలుసని నేననను. మాఘంలో పెరటినిండా కాసేది చిక్కుడే కాబట్టి ఆకులో నైవేద్యం పెట్టారు, కాయతో రథం కట్టారు అనుకున్నా నాకు చాలు.

ఇప్పుడు గీతలో "ఏవం ప్రవర్తితం చక్రం నానువర్తయతీహ యః" చదవండి. ఆ చక్రాన్ని తిప్పనివాడి బతుకు వ్యర్థమన్నాడు, "మోఘం పార్థ స జీవతి". నాలుగు శ్లోకాల ముందు ఇంకా కటువుగా, ఇచ్చినవాళ్లకు పెట్టకుండా తినేవాణ్ని దొంగ అనే అన్నాడు. "స్తేన ఏవ సః".

పోయినేడు మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద సప్తమి చేశాం. ఆన్‌లైన్‌లో పిడకలొచ్చాయి, ప్లాస్టిక్ చుట్టుకుని. పాలు పొంగాయి, ఫోటోలూ అయ్యాయి. గంట తిరక్కుండా బూడిద, చిక్కుడాకులు, తలమీద పెట్టుకుని స్నానం చేసిన జిల్లేడాకులు, థర్మాకోల్ గిన్నెలు అన్నీ ఒకే నల్ల సంచిలో కుక్కి లిఫ్టు పక్కన పెట్టాం. సంచి మూతి కట్టింది నేనే. స్వామికి దండం పెట్టిన చేతులతోనే.

ఈసారి బూడిద పారేయకండమ్మా. కుండీ ఉంటే కుండీలో గుప్పెడు వేయండి, గుప్పెడే, ఎక్కువైతే మట్టికి క్షారం పెరుగుతుంది. చిక్కుడాకులు ఆవు కనబడితే ఆవుకు పెట్టండి. జిల్లేడాకులు మాత్రం పశువులకు పెట్టకండి, అవి విషం. ఏ చెట్టు మొదట్లోనో వేయండి. రథానికి తెచ్చిన కాయల్లో బాగా ముదిరినవి రెండు పక్కన పెట్టి ఎండబెట్టండి. ఆషాఢంలో గింజ నాటితే, వచ్చే సప్తమికి ఆకులు కొనక్కర్లేదు.