టోక్యోలో నా పొట్ట చేసిన చప్పుడు

కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని. చలంటే ఏంటో టోక్యో వచ్చాకే తెలిసింది. నిషికసాయ్‌లో మా ఇంట్లో హీటరున్న గది ఒక్కటే వెచ్చన. రెండు దుప్పట్లు కప్పుకున్నా పాదాలు ఐసుముక్కలే, పైగా కాలివేళ్లు ఎర్రగా వాచి ఒకటే దురద. జనవరిలో ఓ పెద్దాసుపత్రిలో థైరాయిడ్, రక్తం అన్నీ చూసి "ఏమీ లేదు" అని పంపేశారు. ఏమీ లేకపోతే నేనేమన్నా సరదాకి మూడు జతల సాక్సులు వేసుకుంటున్నానా?

ఈ బాధకి జపాన్ వాళ్లు ఓ పేరే పెట్టుకున్నారు, హియేషో అని. దానికి కంపో మందులు, అంటే జపాన్ సంప్రదాయ మూలికల మందులు, ఇచ్చే క్లినిక్ దొరికింది. నాటువైద్యం కాదు, రాసేది మామూలు డాక్టరే. ఆరోగ్య బీమా వర్తిస్తుంది, మన వాటా 30 శాతం.

ముందో ఫారం ఇచ్చారు. చెమట ఎక్కడ పడుతుంది, విరేచనం గట్టిగానా పల్చగానా, నెలసరి ఎన్ని రోజులు... మా ఆయన ఒక్కోటీ చదివి గట్టిగా తెలుగులో అడుగుతున్నారు. ఎవరికి అర్థమవుతుందిలే అని నేనూ జవాబులిస్తున్నాను. పక్క కుర్చీలోంచి ఓ పెద్దావిడ, "పర్లేదమ్మా, నన్నూ ఇవే అడిగారు" అంది. మనదేశం వాళ్లు ఇంతమంది ఉండే నిషికసాయ్‌లో తెలుగు రానివాళ్లెవరని! మొగుణ్ణి మాత్రం దుబాసీగా తీసుకెళ్లకండి.

లోపల డాక్టరుగారు నాలుక చూశారు, రెండు చేతుల నాడీ పట్టారు. తర్వాత పడుకోమన్నారు. అలవాటుగా మోకాళ్లు ముడిచాను. కాళ్లు చాపమన్నారు, వీళ్ల పద్ధతిలో పొట్ట అలాగే చూస్తారట. పక్కటెముకల కింద వేళ్లతో టకటకా తట్టారు. కుండలో నీళ్లు తొణికినట్టు చప్పుడు! మళ్లీ తట్టారు, మళ్లీ అదే. నర్సు కూడా వింది. రోజుకి మూడు లీటర్ల నీళ్లు తాగుతానని గొప్పగా చెప్పుకునేదాన్ని నేను. "ఒంట్లో నీరు కదలట్లేదు, చల్లనీళ్లు మానండి" అన్నారు డాక్టరుగారు. అనువదిస్తూ మా ఆయన పడిన ఆనందం చూడాలి.

మందు రాసింది తోకి షాకుయాకు సాన్. కంపో మందులకి నంబర్లుంటాయి, మందుల షాపులో అందరూ దీన్ని 23 నంబరనే అంటారు. పొట్లానికి రెండున్నర గ్రాముల పొడి, రోజుకి మూడు, తిండికి ముందు. నాలుగు వారాలు వాడితే ముఖం ఉబ్బు తగ్గింది గానీ వేళ్లు మారలేదు. అప్పుడు 38 నంబరు మందుకి మార్చారు. దాని పేరు పలకడం నా వల్ల కాదు. చేదు, ఘాటు, గొంతులోంచి దిగదు. అందులో అల్లం, దాల్చినచెక్క ఉన్నాయంటే అమ్మ ఫోన్లో, "ఈ మాత్రం కషాయం నేను కాచివ్వలేనా?" అని మొదలెట్టింది. అమ్మ పంపిన అతిమధురం పొడి సంగతి చెబితే షాపులో అమ్మాయి గాభరాపడింది. 38లో అదీ ఉందట. ఎక్కువైతే పొటాషియం పడిపోయి, ఒళ్లు వాచి, బీపీ పెరగొచ్చట. కాబట్టి వంటింట్లో ఏం తాగుతున్నారో కూడా చెప్పేయండి.

ఇప్పుడు దురద లేదు. మందు వల్లో, మార్చి వచ్చినందువల్లో ఒట్టేసి చెప్పలేను.

నిన్న మళ్లీ తట్టారు, చప్పుడు తగ్గిందట. మా ఆయన మాత్రం నేను నీళ్ల సీసా ఎత్తితే చాలు, చెవి ఒగ్గి కూర్చుంటున్నారు.