డ్రిప్పింగ్ పాన్‌లో అవే ఫ్యాన్‌గా ఒక శనివారం – నా అనుభవం

ప్రీమియర్ లీగ్‌లో అవే మ్యాచ్‌కి, అంటే మన టీమ్ అవతలి టీమ్ గ్రౌండ్‌లో ఆడే మ్యాచ్‌కి, వెళ్లడం ఎంత తతంగమో లండన్‌లో ఉండేవాళ్లకు చెప్పక్కర్లేదు. టికెట్ 30 పౌండ్లు దాటకూడదని 2016లో రూలు పెట్టారు, బాగానే ఉంది, కానీ ఆ టికెట్ మన చేతికి వస్తే కదా. మెంబర్‌షిప్ కట్టాలి, ఇదివరకు ఎన్ని మ్యాచ్‌లకు వెళ్లామో లెక్క చూసి పాయింట్లిస్తారు, ఆ పాయింట్లున్నవాళ్లందరికీ అయ్యాక మిగిలితే మనకు. అంత కష్టపడి వెళ్తే స్టేడియంలో ఒక మూలన, అటూ ఇటూ సెక్యూరిటీ వాళ్ల మధ్య కూర్చోబెడతారు. మన టీమ్ గోల్ కొట్టినప్పుడు కేకలు వేయడానికి తప్ప, ఆ ఊరితో గానీ ఆ ఊరివాళ్లతో గానీ మనకు ఏ సంబంధమూ ఉండదు.

నేనుండేది క్రాయ్‌డన్. ఆఫీసులో పక్క సీటాయన ఒక శనివారం బలవంతంగా డల్లిచ్ హామ్లెట్ మ్యాచ్‌కి లాక్కెళ్లాడు, అప్పట్నుంచి ఆ క్లబ్బుకే అతుక్కుపోయాను. 1893లో పెట్టిన క్లబ్బు, జెర్సీ గులాబీ, నేవీ బ్లూ రంగుల్లో ఉంటుంది. ఎడ్గర్ కెయిల్ అని వాళ్లకో పాత హీరో ఉన్నాడు, 1929లో ఈ చిన్న క్లబ్బుకు ఆడుతూనే ఇంగ్లండ్ తరఫున మూడు మ్యాచ్‌లు ఆడాడట, అదీ అమెచ్యూర్‌గా, జీతం లేకుండా. ఆయన పేరు ఇప్పటికీ పాటల్లో ఉంది, గ్రౌండ్ పక్కన రోడ్డుకూ ఉంది. 2023లో క్లబ్ ఒక మెట్టు కిందికి జారి ఇస్త్మియన్ లీగ్ ప్రీమియర్ డివిజన్‌లో పడింది. ఇంగ్లండ్ లీగుల్ని ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి లెక్కపెడితే అది ఏడో మెట్టు. దాంతో ససెక్స్, కెంట్ వైపు చిన్న ఊళ్లన్నీ తిరిగే యోగం పట్టింది. వాటిల్లో లూయిస్ ఊరి గ్రౌండ్ గురించి చెప్తాను, ఎందుకంటే అవే ఫ్యాన్‌గా ఎక్కడికి వెళ్లాలని ఎవరడిగినా నేను ముందు చెప్పేది అదే.

ఈసారి నాతో వరంగల్ తమ్ముడొకడు వచ్చాడు, మా వీధిలోనే ఉంటాడు, క్రికెట్ తప్ప వేరే ఆట మొహం చూసినవాడు కాదు. పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని, రెండు క్లబ్బుల సోషల్ మీడియా చూడ్డం. ఈ స్థాయిలో చాలా గ్రౌండ్లు మామూలు గడ్డి గ్రౌండ్లు, కింద వేడి పైపులూ అవీ ఏమీ ఉండవు, రాత్రి గట్టిగా వాన పడిందంటే పొద్దున పిచ్ ఇన్‌స్పెక్షన్ పెడతారు. రిఫరీ వచ్చి బంతిని పడేసి చూస్తాడు, ఎగరకుండా నీళ్లలో చతికిలపడిందా, మ్యాచ్ లేదు. ఒక జనవరిలో ఇంకో ఊరికి పోతూ సగం దారిలో రైల్లో ఉండగా ఈ వార్త తెలిసింది, దిగి అవతలి ప్లాట్‌ఫామ్ ఎక్కి ఇంటికొచ్చాం. అందుకే ఇన్‌స్పెక్షన్ అయ్యి, మ్యాచ్ ఉందని పోస్ట్ పడేదాకా నేను రైలు టికెట్ కొనను. ముగ్గురు కలిస్తే గ్రూప్‌సేవ్ అనే రైలు డిస్కౌంట్‌లో మూడో వంతు తగ్గుతుంది కాబట్టి, డల్లిచ్ వాళ్లలో ఒకాయన్ని ఈస్ట్ క్రాయ్‌డన్ స్టేషన్లో కలుపుకున్నాం. ఆదివారాల్లాగే శనివారాలు కూడా ఆ లైన్లో పట్టాల మరమ్మతులు పెడుతుంటారు, బస్సు ఎక్కమంటారు, అది కూడా ముందే చూసుకోవాలి. ఆ రోజు మాకా గొడవ లేదు, గంట లోపే లూయిస్‌లో దిగాం.

స్టేషన్ నుంచి గ్రౌండ్‌కి నడక అయిదు నిమిషాలు కూడా ఉండదు. దాన్ని డ్రిప్పింగ్ పాన్ అంటారు. ఎందుకా పేరంటే, పక్కనే పదకొండో శతాబ్దంలో కట్టిన సెయింట్ పాంక్రస్ ప్రయరీ శిథిలాలున్నాయి, ఎనిమిదో హెన్రీ కాలంలో కూలగొట్టించారు, ఆ మఠం సన్యాసులు ఇక్కడ మడులు (పాన్‌లు) కట్టి ఉప్పు పండించేవారని ఊళ్లో ఒక కథ. నిజమో కాదో గానీ గ్రౌండ్‌ని చూస్తే నమ్మబుద్ధేస్తుంది. చుట్టూ గట్లు, మధ్యలో పల్లం, అచ్చం ఎండాకాలం నీళ్లింకిపోయిన ఊరి చెరువులా ఉంటుంది. రోడ్డు మీద నిలబడితే కింద ఆట కనిపిస్తుంది, అవతల ససెక్స్ కొండలు, ఒకచోట తెల్లగా సుద్దరాయి బయటపడి ఉంటుంది.

గేటు దగ్గర క్యూ అంటే ఓ పదిమంది. కార్డు గీకి లోపలికి వెళ్లాం, రైలు ఛార్జీ కంటే టికెట్టే తక్కువ. నా మెడలో గులాబీ, నీలం స్కార్ఫ్ చూసి గేటు దగ్గరున్న పెద్దావిడ, మీ వాళ్లు అప్పుడే బార్లో చేరారు అంది. తమ్ముడు మాత్రం అటూ ఇటూ చూస్తూ, “అన్నా, మనోళ్లు యాడ నిలబడాలె? బోర్డేం లేదేంది?” అని అడిగాడు. బోర్డు లేదు, ఉండదు. ఎక్కడైనా నిలబడొచ్చు. వాడు నమ్మలేదు. ఉప్పల్‌లో ఐపీఎల్ చూసిన అలవాటు, స్టాండ్ నంబరూ గేటు నంబరూ లేకుండా గ్రౌండ్‌లోకి రావడం వాడికి ఏదో తప్పు చేసినట్టే ఉంది.

తినడం దగ్గర నాకో చిక్కు. శనివారం నేను నీచు ముట్టను, ఇంట్లో వెంకటేశ్వర స్వామి మొక్కు. ఫుట్‌బాల్ ఉండేదేమో శనివారం మధ్యాహ్నం మూడింటికే. చీజ్ చిప్స్ మీద, టీ మీద బతికేస్తాను. తమ్ముడికి అలాంటి పట్టింపులేం లేవు, బర్గరూ, ఊళ్లోనే 1790 నుంచి నడుస్తున్న హార్వీస్ వాళ్ల బీరూ పట్టుకొచ్చాడు. గ్లాసు పట్టుకుని పిచ్ పక్కకు వెళ్తుంటే ఎవరైనా ఆపుతారేమోనని వాడికి టెన్షన్. పిచ్ కనిపించే చోట మందు తాగకూడదని 1985లో చట్టం వచ్చింది గానీ, అది పై అయిదు మెట్ల క్లబ్బులకే. ఏడో మెట్టులో హాయిగా గ్లాసు పట్టుకుని కార్నర్ జెండా పక్కన నిలబడొచ్చు. తాగి గొడవ చేసినవాణ్ణి నేనైతే ఇంతవరకు చూడలేదు.

ఒక పక్కన గట్టు మీద బీచ్ హట్‌లు వరసగా పెట్టారు, సముద్రం ఒడ్డున ఉండే రంగురంగుల చెక్క గదులే. పెద్ద క్లబ్బుల్లో అద్దాల బాక్సులుంటాయి కదా, వీళ్లకు ఇవే బాక్సులు. ఇలాంటి తిక్క పనులు ఈ క్లబ్బుకు అలవాటే అనుకోండి. కానీ 2017లో వీళ్లు చేసింది మాత్రం తిక్క కాదు, మగవాళ్ల టీమ్‌కీ ఆడవాళ్ల టీమ్‌కీ ఒకే బడ్జెట్ పెట్టారు, ఆ పని చేసిన మొదటి క్లబ్ ఇదే. 2010 నుంచి క్లబ్బు అభిమానులదే. ఏడాదికింతని కట్టి ఎవరైనా ఓనర్ కావచ్చు, ఎంత డబ్బు పోసినా ఓటు ఒక్కటే. మా పక్కన రెయిలింగ్‌కి ఆనుకున్న పెద్దాయన అలాంటి ఓనరే, తన క్లబ్బు డిఫెన్స్‌ని మా ముందే తిట్టుకుంటున్నాడు.

ఆయనే అడిగాడు, మీ దేశంలో ఫుట్‌బాల్ ఆడతారా అని. క్రికెట్ తప్ప తెలియదనుకున్న మా తమ్ముడు ఒక్కసారిగా లేచాడు, వాళ్ల తాతది హైదరాబాద్ పోలీసు డిపార్ట్‌మెంట్ అట, నాకూ అప్పుడే తెలిసింది. రహీం సాబ్ కోచింగ్‌లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 54 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్ కొట్టిందని, ఆయనే కోచ్‌గా ఇండియా 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ ఆడిందని, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల గోల్డ్ తెచ్చిందని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. పెద్దాయన ఆట చూడ్డం మానేసి విన్నాడు. ఆ పేరు ఎలా రాస్తారో చెప్పమని ఫోన్లో ఎక్కించుకున్నాడు. అదే ఏ పెద్ద స్టేడియంలోనో అయితే ఈయన మాకు యాభై గజాల అవతల, మధ్యలో పోలీసుల వరస.

హాఫ్‌టైమ్ దాకా తమ్ముడి అసలు ప్రశ్నకు జవాబు దొరకలేదు. మావాళ్లంతా ఒక గోల్ వెనక కాంక్రీటు మెట్ల మీద చేరారు, డల్లిచ్ ఎటు గోల్ కొట్టాలో అటు. విజిల్ పడగానే ఒక్కసారిగా అందరూ కదిలారు. టీమ్‌లు వైపులు మార్చుకుంటాయి కదా, రెండో సగంలో మన టీమ్ దాడి చేసేది అవతలి గోల్ మీద, అందుకని జెండాలూ డప్పూ గ్లాసులూ పట్టుకుని అవతలి చివరికి బయల్దేరతారు. సరిగ్గా అదే సమయంలో లూయిస్ వాళ్లు ఇటు వస్తుంటారు. సన్నటి దారిలో రెండు గుంపులూ ఎదురెదురుగా, భుజాలు రాసుకుంటూ, “మీ గోలీ బాగా ఆడుతున్నాడు”, “మీ పదో నంబరు కాళ్లు జాగ్రత్త” అనుకుంటూ వెళ్తారు. చిన్నపిల్లలు డబ్బాలో స్వీట్లు పెట్టుకుని అమ్ముతున్నారు, ఏ టీమ్ అని చూడకుండా అందరూ కొన్నారు. నాన్‌లీగ్ అనే ఈ కింది మెట్ల ఫుట్‌బాల్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఈ పది నిమిషాలే, గోల్స్ ఆ తర్వాతే.

ఇంకోటి, మనం ఏమన్నా ఆటగాళ్లకు వినపడుతుంది. వాళ్ల గోలీ మాకు నాలుగడుగుల దూరంలో, వీపు మాకు పెట్టి నిలబడ్డాడు, గోల్‌పోస్ట్ దగ్గర తువ్వాలు, నీళ్ల సీసా. మావాళ్లలో ఒకాయన ఆ నారింజ రంగు బూట్లు ఎక్కడ కొన్నావని సగం ఆటంతా అడుగుతూనే ఉన్నాడు. గోల్‌కిక్ కొట్టబోతూ, తల తిప్పకుండానే, “నీ సైజు దొరకదులే” అన్నాడు గోలీ. అందరం పడీపడీ నవ్వాం, అడిగినాయన మరీ ఎక్కువ. లైన్స్‌మన్ మాత్రం ఎవరేమన్నా పలకడు, కానీ చెవులు ఎర్రబడటం ఇంత దగ్గర్నుంచి కనిపిస్తుంది. పాపం అతనికి ఈ పనికి దొరికే డబ్బు తలుచుకుంటే తిట్టాలనిపించదు.

మేం ఓడిపోయాం. చివర్లో కార్నర్ నుంచి గోల్ తినేశాం, మార్కింగ్ లేదు, ఏమీ లేదు, దాని గురించి ఎక్కువ రాస్తే నాకే కోపం వస్తుంది.

మన గ్రౌండ్‌లో చూసే మ్యాచ్ కంటే అవే మ్యాచే బాగుంటుందని నేనంటే డల్లిచ్ వాళ్లే ఒప్పుకోరు. కానీ మా సొంత గ్రౌండ్ చాంపియన్ హిల్‌లో కొన్ని మ్యాచ్‌లకు రెండు వేల పైచిలుకు జనం వస్తారు, బార్ క్యూలోనే సగం టైమ్ పోతుంది, పక్కనున్నది ఎవరో కూడా తెలియదు. అదే అవే మ్యాచ్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నా ఒకే రైల్లో వస్తాం, ఒకే గోల్ వెనక నిలబడతాం, రెండో ట్రిప్పుకే పేర్లు తెలిసిపోతాయి. మ్యాచ్ అయ్యాక క్లబ్‌హౌస్‌లోకి ఆటగాళ్లు తల ఆరకుండానే వస్తారు. మా తమ్ముడు గోల్ తినిపించిన మా డిఫెండర్‌నే పట్టుకుని సెల్ఫీ దిగాడు, వద్దురా అంటే వినలేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో మాట. లూయిస్‌లో నవంబర్ 5 అంటే మామూలు గోల కాదు, ఊరంతా కాగడాల ఊరేగింపులు, పెద్ద పెద్ద మంటలు. సాయంత్రం నుంచి రైళ్లు ఆ స్టేషన్‌లో ఆగకుండా వెళ్లిపోతాయి, రోడ్లు కూడా మూసేస్తారు. ఆ తారీఖు దగ్గర్లో మ్యాచ్ పడితే రైలు టైమింగ్స్ రెండుసార్లు చూసుకోండి. మిగతా రోజుల్లో స్కార్ఫ్ వేసుకుని వెళ్లండి, వాన కోట్ తప్పనిసరి, గట్టు మీద కప్పేమీ ఉండదు.