కాటుక గోళ్లు

మా అమ్మాయి పట్టుబట్టి ఇంటికి తెచ్చిన రెండు గినీ పిగ్‌లలో (ఎలుకల వర్గానికి చెందిన చిన్న పెంపుడు జంతువులు) తెల్లదాని పేరు చిట్టి, నల్లదాని పేరు కాటుక. గడ్డి వేయడం, బోను శుభ్రం చేయడం వారం రోజుల్లోనే అలవాటైపోయాయి గాని, వాటికి గోళ్లు తీయాలన్న సంగతి మాత్రం కొన్ని నెలల దాకా నాకు తట్టనే లేదు. తిరుపతి కొర్లగుంటలోని మా ఇంటి గచ్చు మీద కాటుక నడిచినప్పుడల్లా టిక్కుటిక్కుమని చప్పుడు వినిపించడం, ఎత్తుకుంటే దాని గోరు నా చీర కొంగుకు చిక్కుకోవడం మొదలైన తరువాతే పాదాలు తిప్పి చూశాను. గోళ్లు కొడవళ్లలా పక్కకు వంగి ఉన్నాయి.

1955 నుంచి పశువైద్య కళాశాల ఉన్న ఊరు కనుక, వెతుక్కోకుండా నేరుగా అక్కడికే తీసుకువెళ్లాను. దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండలు వీటి పుట్టిల్లనీ, మెత్తటి గుడ్డల మీద తిరిగే పెంపుడు జంతువులకు గోరు అరిగే అవకాశమే లేదనీ, అలాగే వదిలేస్తే వేళ్లు మెలితిరిగి, బరువంతా మడమ మీద పడి, పాదం అడుగున పుండ్లు పడతాయనీ డాక్టరుగారు వివరించారు. ముందు కాళ్లకు నాలుగేసి, వెనుక కాళ్లకు మూడేసి చొప్పున మొత్తం 14 గోళ్లు. ఆయన నాలుగు తీసి చూపించి, మిగిలినవి ఇంట్లో మీరే తీయండమ్మా అన్నారు.

చిట్టి విషయంలో ఇబ్బంది లేకపోయింది. తెల్లటి గోరులోపల గులాబీ రంగు రక్తనాళం స్పష్టంగా కనిపిస్తుంది కాబట్టి దానికి రెండు మిల్లీమీటర్ల ఇవతల కత్తిరిస్తే సరిపోయింది. కాటుకవి నల్లటి గోళ్లు. ఆ రాత్రే, ట్యూబులైటు వెలుతురులో, పని ముగించేద్దామన్న తొందరలో మూడవ గోరును లోతుగా కత్తిరించాను. అది కీచుమని అరిచింది, తువ్వాలు మీద రక్తపు చుక్కలు పడ్డాయి, మా అమ్మాయి ఏడుపు అందుకుంది. డాక్టరుగారు చెప్పినట్టు గోరు కొనను కార్న్‌ఫ్లోర్‌లో అద్ది కాసేపు నొక్కి పట్టుకుంటే రక్తం ఆగింది గాని, నా చేతుల వణుకు మాత్రం తెల్లవారే దాకా తగ్గలేదు.

మంగళ, శుక్రవారాల్లో గోళ్లు తీయకూడదనీ, దీపం పెట్టాక అసలే కూడదనీ మా అమ్మ ఎప్పుడూ అనే మాట. మనుషుల సంగతి ఏమో గాని, నల్లగోళ్ల గినీ పిగ్‌కు ఆ రెండవ నియమం ఎంత అవసరమో నాకు ఆ రాత్రి తెలిసింది.

తరువాత పద్ధతి మార్చాను. ఉదయం పూట కిటికీ దగ్గర నేల మీద కూర్చుని, కాటుకను తువ్వాలులో చుట్టి, దాని వీపు నా పొట్టకు ఆనేలా పెట్టుకుంటాను. వెల్లకిలా పడుకోబెడితే బెదిరిపోతుంది కనుక ఆ పని ఎన్నడూ చేయను. మా అమ్మాయి ఒక చేత్తో క్యాప్సికం ముక్క అందిస్తూ, రెండవ చేత్తో ఫోను టార్చిని గోరు వెనుక పెడుతుంది. మనలాగే వీటి శరీరం కూడా విటమిన్ సి తయారు చేసుకోలేదు కాబట్టి ఆ క్యాప్సికం లంచమూ అవుతుంది, ఆహారమూ అవుతుంది. టార్చి వెలుగులో రక్తనాళం నీడలా కనిపిస్తే దానికి ఇవతల కత్తిరిస్తాను. కనిపించకపోతే కొనను మాత్రమే గీరినట్టు తీసి వదిలేస్తాను. మనుషులు వాడే నెయిల్ కట్టర్ గోరును నలిపేస్తున్నదని గమనించి, కత్తెరలా ఉండే చిన్న కట్టర్ కొన్నాను. పెరిగిన గోళ్లను ఒక్కసారే పొట్టి చేయాలన్న ఆశ కూడా వదులుకున్నాను. తరచుగా కొద్దికొద్దిగా తీస్తూ ఉంటే లోపలి రక్తనాళం కూడా మెల్లగా వెనక్కు తగ్గుతుంది. అందుకే తొలి రెండు నెలలు పదిహేను రోజులకొకసారి తీశాను, ఇప్పుడు నెలకొకసారి చాలుతున్నది.

చిట్టి పని పది నిమిషాల్లో అయిపోతుంది. కాటుకకు మాత్రం ఆదివారం ఎడమ వైపు ఏడు, బుధవారం కుడి వైపు ఏడు. వెనుక కుడి కాలు పట్టుకోగానే ఇప్పటికీ గుంజుకుంటుంది. ఆనాడు నేను తెగ్గోసిన గోరు మళ్లీ పెరిగింది గాని, కత్తిరింపు మొదలుపెట్టే ముందు మా అమ్మాయి ఇప్పటికీ దానినే మొదట వెతికి చూస్తుంది.