అరిసెల డబ్బా అటకెక్కింది

సంక్రాంతికి ఊరు వెళ్లి వచ్చాక నడక అటకెక్కడం మా ఇంట్లో ఏటా జరిగేదే. ఆగిన అలవాటును మళ్లీ పట్టాలెక్కించడానికి ఉత్సాహం కోసం ఎదురుచూడటం దండగని నా అభిప్రాయం. అది సాధారణంగా నడవడం మొదలుపెట్టాకే వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థ వ్యాయామం సూచిస్తుంది కానీ, దాన్ని మొదటి వారంలోనే అందుకోవాలన్న పంతం మాని, రాత్రి భోజనం కాగానే వీధి చివరి పాల బూత్ వరకు నడిచి రావడంతో సరిపెట్టుకున్నాను. వంటింట్లో మార్పు ఇంకా చిన్నది: అరిసెల డబ్బాను అటక మీదికి ఎక్కించి, ఆ చోట వేయించిన శనగల సీసా పెట్టాం. కంచంలో ముందుగా కూర, పప్పు వడ్డించుకుంటే అన్నం దానంతట అదే తగ్గుతోంది. ఆవకాయ విషయంలో మాత్రం, ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటరాదన్న హద్దుతో ఇంకా బేరాలు సాగుతున్నాయి.